శిలీంధ్రాల్లో లాకేజ్ రూపాలు: పెంచి, విడదీసి, గుణాలు కొలిచే సమగ్ర మార్గదర్శి

ప్రోటీన్లను విడదీసే జెల్ మీద మూడు ఆకుపచ్చ పట్టీలు కనబడగానే "ఈ శిలీంధ్రంలో మూడు లాకేజ్‌లున్నాయి" అని రాసేయడం చాలా సులువు. లాకేజ్ అంటే ఫినాల్ వంటి పదార్థాలను ఆక్సీకరించే ఎంజైమ్. ఈ పనిలో ఎక్కువమంది పొరపడేదీ అక్కడే. ఆ మూడు పట్టీలు మూడు వేర్వేరు జన్యువుల ఫలితం కావచ్చు. ఒకే ప్రోటీన్‌కు చక్కెర గొలుసులు ఎక్కువ తక్కువగా అతుక్కోవడం వల్ల కావచ్చు. ఫ్లాస్కులోని ప్రోటియేజ్ ఆ ప్రోటీన్ కొసను కొరికేసి ఉండవచ్చు. లేదా అందులో ఒకటి అసలు లాకేజే కాకపోవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రాంతాల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టో పీహెచ్‌డీ పనో చేస్తున్నవాళ్లు ఈ అనుమానాలను ఒక్కొక్కటిగా తీర్చుకుంటూ ముందుకు పోయే దారి ఇది. స్పెక్ట్రోఫోటోమీటర్, ఆటోక్లేవ్, శీతలీకరణ ఉన్న సెంట్రిఫ్యూజ్, నిలువు జెల్ పెట్టె ఉంటే ఇందులో ముప్పావు వంతు ఇక్కడే అవుతుంది.

ముందు ఎంజైమ్ గురించి కొంచెం

లాకేజ్‌ను 1883లో జపాన్‌కు చెందిన హికోరోకురో యోషిడా లాకర్ చెట్టు కారే పాలలో గమనించాడు. 1896 నాటికి శిలీంధ్రాల్లోనూ ఉందని తేలింది. దీని వర్గీకరణ సంఖ్య 1.10.3.2. ఒక్కో అణువులో నాలుగు రాగి పరమాణువులుంటాయి. మొదటి రకం రాగి ఫినాల్ వంటి పదార్థం నుంచి ఎలక్ట్రాన్ లాగుతుంది. 600-610 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుని ఎంజైమ్‌కు నీలిరంగు ఇచ్చేది కూడా ఇదే. రెండో రకం ఒకటి, మూడో రకం రెండు కలిసి ఒక గుంపుగా ఉంటాయి. ఆక్సిజన్ నీరుగా మారేది ఆ గుంపు దగ్గర. నాలుగు ఎలక్ట్రాన్లు చేరితే ఒక ఆక్సిజన్ అణువు రెండు నీటి అణువులవుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ అవసరం లేదు. పెరాక్సిడేజ్‌లకూ దీనికీ ఉన్న ఈ తేడాను తర్వాత చాలాసార్లు వాడుకుంటాం.

శిలీంధ్ర లాకేజ్‌లు ఎక్కువగా 60-70 కిలోడాల్టన్లు ఉంటాయి. బరువులో 10 నుంచి 25 శాతం చక్కెర. సమవిద్యుత్ బిందువు, అంటే ప్రోటీన్ మొత్తం విద్యుదావేశం సున్నా అయ్యే పీహెచ్, ఎక్కువ వాటికి 3, 5 మధ్య. మొదటి రకం రాగి రెడాక్స్ పొటెన్షియల్ (ఎలక్ట్రాన్ లాగే బలం) సుమారు 430 మిల్లీవోల్టుల నుంచి 790 దాకా మారుతుంది. ట్రామెటెస్ జాతివి పైకొసన ఉంటాయి. కష్టమైన రంగులను, లిగ్నిన్ ముక్కలను ఆక్సీకరించే శక్తి చాలావరకు ఈ అంకె మీదే ఆధారపడుతుంది.

ఒక శిలీంధ్రానికి ఇన్ని రూపాలు ఎందుకంటే జన్యువులే ఎక్కువ. కోప్రినాప్సిస్ సినెరియాలో 17 లాకేజ్ జన్యువులున్నాయి, ముత్యపు చిప్ప పుట్టగొడుగు ప్లూరోటస్ ఆస్ట్రియేటస్‌లో డజను. ఆ ప్లూరోటస్‌లోనే నీలం రంగు లేని, ఒక రాగి, ఒక ఇనుము, రెండు జింక్ పరమాణువులతో ఉన్న తెల్ల లాకేజ్ కూడా దొరికింది. ఫానెరోకీట్ క్రైసోస్పోరియం తెల్లకుళ్లు శిలీంధ్రాల్లో పేరున్నదే అయినా అసలైన లాకేజ్ జన్యువు దానికి లేదు. అందుకే మీ పరీక్షల్లో "లాకేజ్ లేని" నమూనాగా దాన్ని పక్కన పెట్టుకుంటే చాలా సందేహాలు తీరతాయి.

నీళ్ల సంగతి మొదటే తేల్చుకోండి

వేరే ఊళ్లలో ఈ భాగం ఒక వాక్యంతో అయిపోతుంది, ఇక్కడ కాదు. ఫ్లోరైడ్ అయాన్ లాకేజ్‌లోని రెండో, మూడో రకం రాగి గుంపును అడ్డుకుంటుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములను గరిష్ఠ హద్దుగా చెబుతారు. అంటే 0.08 మిల్లీమోలార్. బోరు నీళ్లలో 6 మిల్లీగ్రాములుంటే 0.3 మిల్లీమోలార్ దాటుతుంది. ఫ్లోరైడ్‌కు అన్ని రూపాలూ ఒకేలా లొంగవు. ఒకటి సగానికి పడిపోతే పక్కది చెక్కుచెదరకపోవచ్చు. అంటే బఫర్‌లో బోరు నీళ్లు పడితే మొత్తం విలువ తగ్గడంతో పోదు, రూపాల మధ్య నిష్పత్తే తారుమారవుతుంది.

నల్లా నీళ్లది ఇంకో గొడవ. వాటిలో మిగిలిన క్లోరిన్ ఎంజైమ్ లేకుండానే, లాకేజ్ కొలతలో రంగు మారే పదార్థమైన ఏబీటీఎస్‌ను ఆకుపచ్చగా మారుస్తుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే నల్లగొండ టెక్నిక్ నీళ్లు తాగడానికి పనికొస్తాయి, బఫర్‌కు పనికిరావు. ఆర్‌ఓ యంత్రం పొర పాతబడ్డకొద్దీ ఫ్లోరైడ్‌ను వదిలేస్తుంది. గాజు ఉపకరణంలో రెండుసార్లు స్వేదనం చేసిన నీళ్లే వాడండి. పరీక్ష సులువే. బఫర్, ఏబీటీఎస్ కలిపి ఎంజైమ్ వేయకుండా 420 నానోమీటర్ల దగ్గర పది నిమిషాలు చూడండి. శోషణ 0.005 కంటే ఎక్కువ కదిలితే ఆ నీళ్లు పక్కన పెట్టేయండి.

మొదటి మెట్టు: శిలీంధ్రం సేకరణ

జూన్ నుంచి అక్టోబర్ దాకా, వాన పడి రెండు మూడు రోజులైన తర్వాత వెతకండి. చింత, వేప, తుమ్మ, సుబాబుల్ మొద్దుల మీద బెరడు ఊడి, కట్టె తెల్లబారి నారలుగా విడిపోతుంటే అది తెల్లకుళ్లు. కట్టె ముదురు గోధుమ రంగులో చదరపు ముక్కలుగా పగిలితే గోధుమకుళ్లు, దానిలో లాకేజ్ సాధారణంగా తక్కువ. ఎండుకట్టెల మీద నారింజ-ఎరుపు రంగులో మెరిసే పిక్నోపోరస్ సాంగ్వినియస్ కనబడితే వదలొద్దు, మంచి లాకేజ్ ఉత్పత్తిదారు. చింత మొదళ్ల దగ్గర వార్నిష్ పూసినట్టుండే గానోడెర్మా, పొరలు పొరలుగా పెరిగే ట్రామెటెస్ కూడా మేలైనవి. షైజోఫిల్లం ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది గానీ లాకేజ్ కోసం అయితే దానితో పెద్ద లాభం లేదు.

అమ్రాబాద్ అభయారణ్యం పరిధిలో, అంటే మన్ననూరు, ఫర్హాబాద్ వైపు, అటవీశాఖ అనుమతి పత్రం లేకుండా ఒక ముక్క కూడా తీయకూడదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి జోలికి అసలు పోవద్దు. కాలేజీ ఆవరణలో, కట్టెల అడితిలో, చేను గట్ల మీద దొరికేవి చాలు.

ఫలాంగాన్ని ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితం సంచిలో తేవాలి, ప్లాస్టిక్‌లో ఒక్క రాత్రికే పచ్చబూజు కమ్ముతుంది. పైభాగాన్ని 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి విరిచి, లోపలి కండ నుంచి 3-4 మిల్లీమీటర్ల ముక్క తీసి పొటాటో డెక్స్‌ట్రోజ్ అగార్ మీద పెట్టండి. లీటరుకు 100 మిల్లీగ్రాముల స్ట్రెప్టోమైసిన్, 2-5 మిల్లీగ్రాముల బెనోమిల్ కలిపితే బ్యాక్టీరియా, మామూలు బూజులు ఆగుతాయి. మనకు కావలసిన బెసిడియోమైసీట్లు (పుట్టగొడుగుల వర్గం శిలీంధ్రాలు) తట్టుకుంటాయి. శుద్ధి అయ్యాక జాతిని గుర్తించడానికి వాడే ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగాన్ని సీక్వెన్స్ చేయించి పేరు తేల్చుకోండి. ఆకారం చూసి పెట్టిన పేరుతో పేపర్ పంపితే తిరిగొస్తుంది.

ఇక్కడే ఇంకో విషయం. ప్రకృతిలో దొరికే శిలీంధ్రం కణంలో రెండు రకాల కేంద్రకాలుంటాయి. ఒకే జన్యువుకు రెండు యుగ్మవికల్పాలు (వేర్వేరు ప్రతులు) ఉండి, రెండూ కొద్దిగా తేడా ఉన్న ప్రోటీన్లు చేస్తే జెల్ మీద రెండు పట్టీలు వస్తాయి. వీలైతే ఒక్క స్పోరు నుంచి ఒకే రకం కేంద్రకమున్న మోనోకేరియాన్ పెంచి పెట్టుకోండి. తర్వాత ఎంతో శ్రమ తప్పుతుంది.

రెండో మెట్టు: ప్లేటు పరీక్ష

ఆటోక్లేవ్ చేసిన అగార్ 50 డిగ్రీలకు చల్లారాక, వడపోతతో శుద్ధి చేసిన గ్వాయకాల్‌ను లీటరుకు 200 మైక్రోలీటర్లు కలపండి. 28-30 డిగ్రీల దగ్గర మూడు నుంచి ఏడు రోజుల్లో శిలీంధ్రం చుట్టూ ఎర్రటి గోధుమ వలయం రావాలి. ఏబీటీఎస్ ప్లేటు ఆకుపచ్చగా మారుతుంది. వలయం వెడల్పును బట్టి ఎంజైమ్ ఎక్కువ తక్కువలు చెప్పకండి. నెమ్మదిగా పెరిగే శిలీంధ్రం చుట్టూ వలయం పెద్దగా కనబడుతుంది, వేగంగా పెరిగేది తన వలయాన్ని తానే కప్పేస్తుంది. పైగా పెరాక్సిడేజ్‌లు కూడా ఇదే రంగు ఇవ్వగలవు. ప్లేటు పరీక్షను ఎంపికకే పరిమితం చేయండి.

మూడో మెట్టు: పెంపకం, ప్రేరేపకాలు

లీటరు మాధ్యమానికి గ్లూకోజ్ 10 గ్రాములు, పెప్టోన్ 3, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 2, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 1, మెగ్నీషియం సల్ఫేట్ 0.5, కాల్షియం క్లోరైడ్ 0.1 గ్రాము. పీహెచ్ 5.5. 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 60 మిల్లీలీటర్లకు మించి పోయకండి, లోపల గాలి ఆడాలి. 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేసి, ఐదు నుంచి ఏడు రోజుల వయసున్న ప్లేటు అంచు నుంచి 8 మిల్లీమీటర్ల ముక్కలు నాలుగు వేయండి. 28 డిగ్రీలు, నిమిషానికి 120-150 తిప్పుళ్లు.

ఏప్రిల్, మే నెలల్లో గది ఉష్ణోగ్రత 40 దాటినప్పుడు మామూలు షేకర్ మీద పెట్టిన ఫ్లాస్కు ఇంకా వేడెక్కుతుంది, మోటారు వేడి తోడవుతుంది. చల్లబరిచే బీఓడీ ఇంక్యుబేటర్ షేకర్ లేకపోతే ఎండాకాలం పెంపకం మానుకోవడమే మంచిది. 38 డిగ్రీలు చూసిన ఫ్లాస్కు, 28 డిగ్రీల ఫ్లాస్కు ఒకే రకం పట్టీలు ఇస్తాయని నమ్మడానికి లేదు.

ఎంజైమ్ ఉత్పత్తి పెరగడానికి కలిపే ప్రేరేపకాల మీద శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే ఏ రూపం బయటికొస్తుందో చాలావరకు అవే తేలుస్తాయి. నాలుగు జట్లు, జట్టుకు మూడు ఫ్లాస్కులు పెట్టండి. మొదటిది ఏమీ కలపనిది. రెండోదానికి కాపర్ సల్ఫేట్ 0.5 మిల్లీమోలార్, అంటే ఐదు నీటి అణువులున్న లవణం లీటరుకు 125 మిల్లీగ్రాములు. చేలకు కొట్టే మైలతుత్తం కాదు, ప్రయోగశాల నాణ్యతది. మూడోదానికి 2,5-జైలిడిన్ 1 మిల్లీమోలార్. నాలుగోదానికి ఒక శాతం వరిగడ్డి పొడి.

కాపర్‌ను మొదటి రోజే వేస్తే పెరుగుదల కుంటుపడుతుంది, శిలీంధ్రం గుళికలుగా ముడుచుకుపోతుంది. మూడో, నాలుగో రోజు, గుళికలు బాగా కనబడ్డాక వేయండి. జైలిడిన్ విషపూరితం, తొడుగులతో ఫ్యూమ్ హుడ్ కిందే పట్టుకోవాలి. దాన్ని ఇథనాల్‌లో కరిగిస్తారు కాబట్టి అంతే ఇథనాల్ మాత్రమే వేసిన జట్టు ఇంకొకటి తప్పనిసరి. కొన్ని శిలీంధ్రాల్లో ఇథనాలే లాకేజ్‌ను పెంచుతుంది. ఈ జట్టు లేని ప్రేరేపక ఫలితానికి విలువ లేదు.

రెండు రోజులకోసారి ఒక మిల్లీలీటరు తీసి సెంట్రిఫ్యూజ్ చేసి, సగం కొలతకు వాడి, సగాన్ని 20 శాతం గ్లిసరాల్‌తో మైనస్ 20 దగ్గర దాచండి. ఈ దాచినవే తర్వాత జెల్ మీద కాలక్రమాన్ని చూపిస్తాయి. ఫ్రీజర్‌కు పోయే నమూనాల్లో సోడియం ఫాస్ఫేట్ బఫర్ వద్దు, గడ్డకట్టేటప్పుడు దాని పీహెచ్ బాగా పడిపోతుంది.

ఘనస్థితిలో పెంచేవాళ్లకు ఇక్కడ సరుకుకు కొదవ లేదు. మిర్యాలగూడ మిల్లుల తవుడు, సాగర్ ఎడమ కాలువ కింది వరిగడ్డి, అచ్చంపేట వైపు పల్లికాయ పొట్టు, పత్తి కట్టె. గడ్డిని ఒకటి రెండు సెంటీమీటర్లుగా కోసి, తేమ 65-70 శాతానికి తెచ్చి పెంచండి. పిడికిట బిగిస్తే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. నల్లగొండ బత్తాయి తొక్క చవకగానే దొరుకుతుంది, కానీ అందులో చక్కెర ఎక్కువ కావడంతో బూజు ముందే పట్టేస్తుంది. గడ్డితో నాలుగో వంతుకు మించి కలపొద్దు. ఎంజైమ్ తీసుకునేటప్పుడు గ్రాముకు 10 మిల్లీలీటర్ల చొప్పున 50 మిల్లీమోలార్ అసిటేట్ బఫర్, పీహెచ్ 5, నాలుగు డిగ్రీల దగ్గర గంటసేపు కలిపి, పలుచని గుడ్డలో పిండి, 10,000 జీ దగ్గర 20 నిమిషాలు తిప్పండి. ఘనస్థితి నమూనాలో గోధుమరంగు ఫినాలిక్‌లు ఉంటాయి. లిగ్నిన్ ముక్కలు ఎంజైమ్‌కు అతుక్కుని నీలం పోయి పసుపు లాకేజ్ అయ్యే అవకాశం ఉంది. ద్రవంలో నీలంగా, గడ్డి మీద పసుపుగా ఒకే జన్యువు ఉత్పత్తి కనబడవచ్చని గుర్తుంచుకోండి.

నాలుగో మెట్టు: క్రియాశీలత కొలత

గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం 5.7 మిల్లీలీటర్లు 900 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 4.5కు తెచ్చి, లీటరు చేయండి. ఇది 0.1 మోలార్ అసిటేట్. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సర్దకండి, క్లోరైడ్ కూడా నిరోధకమే. ఏబీటీఎస్ 54.9 మిల్లీగ్రాములు 10 మిల్లీలీటర్లలో కరిగిస్తే 10 మిల్లీమోలార్.

క్యూవెట్‌లో బఫర్ 900 మైక్రోలీటర్లు, ఏబీటీఎస్ 50, చివరగా ఎంజైమ్ 50. 420 నానోమీటర్ల దగ్గర పది సెకన్లకోసారి రెండు నిమిషాలు చదవండి. మోలార్ శోషణ గుణకం 36,000. నిమిషానికి శోషణ 0.36 పెరిగిందనుకుందాం. 0.36ను 36తో భాగించి, మొత్తం పరిమాణం 1తో గుణించి, ఎంజైమ్ పరిమాణం 0.05తో భాగిస్తే మిల్లీలీటరుకు 0.2 యూనిట్లు, లీటరుకు 200. యూనిట్ అంటే నిమిషానికి ఒక మైక్రోమోల్ పదార్థాన్ని ఆక్సీకరించే ఎంజైమ్. నిమిషంలో శోషణ 1 దాటుతోందంటే ఎంజైమ్‌ను పలుచన చేయాలి. గీత వంగాక తీసిన వాలు తప్పు అంకె.

పెరాక్సిడేజ్ కాదని తేల్చడానికి అదే కొలతను మిల్లీలీటరుకు 100 యూనిట్ల కాటలేజ్ వేసి మళ్లీ చేయండి. విలువ తగ్గితే పెరాక్సైడ్ మీద నడిచే ఎంజైమ్ కలిసి ఉన్నట్టు. సిరింగాల్డజీన్ కూడా పెట్టుకోండి, 530 నానోమీటర్లు, గుణకం 65,000, పీహెచ్ 5-6. టైరోసినేజ్ దీన్ని ఆక్సీకరించదు. ఇథనాల్‌లో కరిగించి తాజాగా వాడాలి, నీళ్లలో నిలవ ఉంటే విడిపోయి పొడిగా దిగుతుంది.

ఐదో మెట్టు: గాఢం చేయడం

ముందు ద్రవాన్ని ఒక రాత్రి గడ్డకట్టించి, కరిగించి, 10,000 జీ దగ్గర తిప్పండి. శిలీంధ్రం వదిలే జిగట గ్లూకాన్ తీగల్లా అడుక్కి వస్తుంది. ఇది చేయకపోతే తర్వాతి పొరలన్నీ మూసుకుపోతాయి, జెల్ మీద పట్టీలు తోకలు కడతాయి. తర్వాత 80 శాతం అమ్మోనియం సల్ఫేట్: సున్నా డిగ్రీల దగ్గర లీటరుకు 516 గ్రాములు, 25 డిగ్రీల దగ్గర 561. అరగంటలో కొద్దికొద్దిగా వేసి, చల్లగా రాత్రంతా ఉంచి, తిప్పి, అడుగును తక్కువ బఫర్‌లో కరిగించి డయాలిసిస్ చేయండి. 30 కిలోడాల్టన్ల అల్ట్రాఫిల్టర్ ఉంటే అది ఇంకా శుభ్రం.

ఒక్కో దశలో మొత్తం యూనిట్లు లెక్కరాయండి. దిగుబడి 40 శాతం అయితే పోయిన 60 శాతంలో ఒక రూపం మొత్తంగా పోయి ఉండవచ్చు. అందుకే ముడి ద్రవాన్నీ గాఢం చేసినదాన్నీ ఒకే జెల్ మీద పక్కపక్కనే నడపాలి.

ఆరో మెట్టు: జైమోగ్రామ్ (జెల్ మీద ఎంజైమ్ పట్టీకే రంగు తెప్పించడం)

ఎనిమిది శాతం విడదీసే జెల్ 10 మిల్లీలీటర్లకు: 30 శాతం అక్రిలమైడ్ 2.7 మిల్లీలీటర్లు, 1.5 మోలార్ ట్రిస్ పీహెచ్ 8.8 2.5, నీళ్లు 4.7, 10 శాతం అమ్మోనియం పర్‌సల్ఫేట్ 100 మైక్రోలీటర్లు, టెమెడ్ 10. ఎస్‌డీఎస్ లేదు, మెర్‌కాప్టోఇథనాల్ లేదు, నమూనా మరిగించడం లేదు.

చాలామంది జెల్ మొత్తం ఆకుపచ్చగా మారి ఏ పట్టీ కనబడక ఆగిపోతారు. దోషం పర్‌సల్ఫేట్‌ది, అదే ఏబీటీఎస్‌ను ఆక్సీకరిస్తుంది. విడదీసే జెల్ మాత్రం పోసి, అదే 8.8 ట్రిస్ బఫర్‌ను పలుచన చేసి అందులో అరగంట ఖాళీగా నడిపి, ఆ తర్వాత పైజెల్ పోయండి. అంత ఓపిక లేకపోతే కనీసం ముందురోజు పోసి నాలుగు డిగ్రీల దగ్గర ఉంచండి.

రెండు జెల్‌లు నడపండి. ఒకదానిలో ప్రతి గుంటకూ సమాన క్రియాశీలత, 10-20 మిల్లీయూనిట్లు. రెండోదానిలో సమాన పరిమాణం. మొదటిది ఏ రూపాలున్నాయో చూపిస్తుంది, రెండోది ప్రేరేపకం దేన్ని ఎంత పెంచిందో చెబుతుంది. ఒక్క జెల్‌తో రెండు ప్రశ్నలకూ జవాబు లాగాలని చూడొద్దు. చల్లని గదిలోనో మంచు మీదో 100 వోల్టుల దగ్గర నడపండి.

తీసిన జెల్ పీహెచ్ 8.8లో ఉంటుంది, ఆ స్థితిలో లాకేజ్ దాదాపు పనిచేయదు. 0.1 మోలార్ అసిటేట్, పీహెచ్ 4.5లో పది నిమిషాల చొప్పున రెండుసార్లు నానబెట్టి, తర్వాతే రంగు ద్రావణం పోయండి. ఏబీటీఎస్ 1 మిల్లీమోలార్‌లో పట్టీలు ఒకటి రెండు నిమిషాల్లో వస్తాయి, అంతే వేగంగా పాకిపోతాయి. ఫోను సిద్ధంగా పెట్టుకుని తెల్ల లైటు పెట్టె మీద వెంటనే ఫొటో తీయండి. 2,6-డైమిథాక్సీఫినాల్ 2 మిల్లీమోలార్ నారింజ-గోధుమ రంగు ఇస్తుంది, నెమ్మదిగా వస్తుంది కానీ నిలబడుతుంది. రెండు రంగులూ వేసి చూడండి. ఏబీటీఎస్‌తో గట్టిగా, డైమిథాక్సీఫినాల్‌తో బలహీనంగా వచ్చే పట్టీ ఉందంటే వేరే స్వభావం ఉన్న రూపమని మొదటి సూచన. జెల్‌లో ఒక పాయ కోసి 1 మిల్లీమోలార్ సోడియం అజైడ్ ఉన్న బఫర్‌లో రంగు వేయండి, లాకేజ్ పట్టీ రాకూడదు. అజైడ్ ఆమ్ల బఫర్‌లో విషవాయువు వదులుతుంది, హుడ్ కిందే చేయాలి, సింకులో పారబోయకూడదు.

ఈ జెల్ మీద పట్టీ ఎంత దూరం పోయిందన్నదాన్ని బట్టి బరువు చెప్పకండి. ఇక్కడ పరుగు విద్యుదావేశం మీద, ఆకారం మీద, చక్కెర మీద ఆధారపడుతుంది.

ఏడో మెట్టు: ఆ పట్టీలు నిజంగా వేరా?

మార్గదర్శి మొత్తంలో ఎక్కువ సమయం ఇవ్వాల్సిన మెట్టు ఇది.

మొదటి అనుమానం ప్రోటియేజ్. దాచిన కాలక్రమ నమూనాలు నడపండి. ఎనిమిదో రోజు దాకా ఒకటే పట్టీ ఉండి, గ్లూకోజ్ అయిపోయాక రెండోది పుట్టి, మొదటిది అదే మేరకు తగ్గుతుంటే కత్తిరింపు జరిగిందని అనుకోవాలి. తాజా ద్రవానికి ప్రోటియేజ్ నిరోధకాలు, 1 మిల్లీమోలార్ పీఎంఎస్‌ఎఫ్, పెప్‌స్టాటిన్ కలిపి 28 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచండి. నిరోధకం లేని జతలో మాత్రమే కొత్త పట్టీ వస్తే విషయం తేలినట్టే.

రెండోది చక్కెర. చక్కెర గొలుసులను కోసే ఎండో హెచ్ ఎంజైమ్‌తో పీహెచ్ 5.5, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, ఎస్‌డీఎస్ జెల్ మీద ముందూ వెనకా పోల్చండి. రెండు బరువులు ఒకటైపోతే అవి ఒకే ప్రోటీన్‌కు రెండు చక్కెర రూపాలు కావచ్చు. ఇక్కడ ప్రోటీన్లను సమవిద్యుత్ బిందువును బట్టి విడదీసే సమవిద్యుత్ కేంద్రీకరణ బాగా అక్కరకొస్తుంది, పీహెచ్ 3-6 పరిధిది వాడండి. శిలీంధ్రాల మానోజ్ గొలుసులు ఎక్కువగా ఆవేశం లేనివి. అందువల్ల చక్కెర తేడా ఉన్న రూపాలు బరువులో విడిపోయి, కేంద్రీకరణలో కలిసే ఉండే అవకాశం ఎక్కువ. బరువు ఒకటే ఉండి కేంద్రీకరణలో విడిపోతే అమైడ్ కోల్పోవడమో, యుగ్మవికల్పమో, దగ్గరి జన్యువో అని అటు వెతకాలి.

మూడోది, జంట ప్రోటీన్లు. ప్లూరోటస్‌లో పెద్ద ఉపప్రమాణం ఒకటి, చిన్నది ఒకటి కలిసిన లాకేజ్‌లున్నాయి. ఒక పట్టీని కోసి, మరిగించి, ఎస్‌డీఎస్ జెల్ మీద నడిపితే రెండు ముక్కలు వస్తే వెంటనే కల్తీ అని తోసిపారేయకండి.

ఎనిమిదో మెట్టు: కాలమ్ మీద విడదీయడం

ప్రోటీన్లను విద్యుదావేశాన్ని బట్టి పట్టుకునే డీఈఏఈ లేదా క్యూ సెఫరోజ్, 20 మిల్లీమోలార్ బిస్-ట్రిస్ పీహెచ్ 6.5, సోడియం క్లోరైడ్ సున్నా నుంచి 0.5 మోలార్ వరకు నెమ్మదైన వాలు, పది కాలమ్ పరిమాణాలకు తగ్గకుండా. పీహెచ్ 5 దగ్గర నడిపితే తక్కువ ఆమ్ల స్వభావమున్న రూపం అతుక్కోకుండా కడుగులోనే పోతుంది. అందుకే కడిగిన ద్రవాన్ని పారబోసే ముందు దాన్నీ కొలవాలి.

చివరి భాగాల్లో ఉప్పు ఎక్కువ కాబట్టి క్రియాశీలత ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. శిఖరాల్ని డయాలిసిస్ చేశాకే పోల్చండి. ప్రతి భాగాన్ని ఏబీటీఎస్‌తోనూ డైమిథాక్సీఫినాల్‌తోనూ కొలిచి రెంటి నిష్పత్తి గీయండి. శిఖరం ఈ కొస నుంచి ఆ కొస దాకా నిష్పత్తి సమంగా ఉంటే అది ఒకటే రూపం అయి ఉండాలి. మధ్యలో జారితే ఒక శిఖరం కింద రెండు దాక్కున్నట్టే. ఖర్చులేని పరీక్ష ఇది, ఎందుకో చాలామంది చేయరు. ఆ తర్వాత జెల్ ఫిల్ట్రేషన్‌తో చివరి శుద్ధి.

తొమ్మిదో మెట్టు: గుణాలు

వర్ణపటం ముందు. శుద్ధమైన నీలి లాకేజ్‌లో 280 దగ్గర ప్రోటీన్ శిఖరం, 330 దగ్గర భుజం, 610 దగ్గర వెడల్పాటి శిఖరం. 610 దగ్గర గుణకం 5,000 ప్రాంతమే. కాబట్టి 65 కిలోడాల్టన్ల ఎంజైమ్ మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉన్నా శోషణ 0.08కు చేరదు. పలుచని నమూనాలో నీలం కనబడలేదని తెల్ల లాకేజ్ అని ప్రకటించకండి. మూడు నాలుగు మిల్లీగ్రాములకు గాఢం చేసి చూసి, రాగి ఎంతుందో పరమాణు శోషణ పద్ధతిలో కొలిపించి అప్పుడు చెప్పండి.

పీహెచ్ విషయంలో ఎంజైమ్ ఏ పదార్థాన్ని ఆక్సీకరిస్తుందో దాని పేరు చెప్పకుండా ఒక్క అంకె రాస్తే అర్థం లేదు. ఏబీటీఎస్‌తో 2.5-4 దగ్గర గరిష్ఠం వచ్చి, పైకి పోయినకొద్దీ పడిపోతూనే ఉంటుంది. ఫినాల్‌లతో గంట ఆకారం, 4-7 మధ్య. పీహెచ్ పెరిగితే ఫినాల్ తేలిగ్గా ఎలక్ట్రాన్ ఇస్తుంది, కానీ హైడ్రాక్సైడ్ అయాన్ రాగి గుంపును అడ్డుకుంటుంది. ఈ రెంటి పెనుగులాటే గంట. ఏబీటీఎస్‌కు మొదటి ప్రభావం లేదు, రెండోది మాత్రమే మిగులుతుంది. సిట్రేట్-ఫాస్ఫేట్ బఫర్ 2.5-7.5, ఆ పైన ట్రిస్. స్థిరత్వం వేరే పరీక్ష: ఒక్కో పీహెచ్‌లో 24 గంటలు ఉంచి, అన్నిటినీ 4.5 దగ్గర కొలవండి. బాగా పనిచేసే పీహెచ్ 3 దగ్గర త్వరగా చచ్చి, అంతగా పనిచేయని 6-7 దగ్గర నిలకడగా ఉండటం మామూలే.

ఉష్ణోగ్రతలో గరిష్ఠం అనే అంకె కొలత ఎంతసేపు చేశారన్నదాన్ని బట్టి మారుతుంది. దానికంటే అర్ధాయువు మేలు. 50, 60, 70 డిగ్రీల దగ్గర ఉంచి 0, 10, 20, 30, 60 నిమిషాలకు తీసి మంచులో పెట్టి కొలవండి. మిగిలిన క్రియాశీలత సహజ సంవర్గమానాన్ని కాలానికి ఎదురుగా గీసి, వాలుతో 0.693ను భాగించండి. రూపాల మధ్య తేడా చాలాసార్లు ఇక్కడే కొట్టొచ్చినట్టు బయటపడుతుంది.

కేఎం (గరిష్ఠ వేగంలో సగం వచ్చే గాఢత) కోసం ఏబీటీఎస్ 10 నుంచి 1,000 మైక్రోమోలార్ వరకు ఎనిమిది గాఢతలు. వక్రరేఖకు నేరుగా అమర్చే సాఫ్ట్‌వేర్ వాడండి. విలోమాల గీత తక్కువ గాఢతల దోషాన్ని పెంచి చూపిస్తుంది.

నిరోధకాల్లో అజైడ్, ఫ్లోరైడ్, క్లోరైడ్ తప్పకుండా చేయండి. ఫ్లోరైడ్‌ను 0.05, 0.1, 0.3, 1, 5 మిల్లీమోలార్‌లుగా పెడితే స్థానిక నీళ్లలో ఏ రూపం నిలుస్తుందో నేరుగా తెలుస్తుంది. సిస్టీన్, డీటీటీలను నిరోధకాల పట్టికలో చేర్చే అలవాటు మానుకోవాలి. అవి ఎంజైమ్‌ను ఆపినా ఆపకపోయినా ఏర్పడిన ఆకుపచ్చ రంగునే వెనక్కి తెల్లబరుస్తాయి. ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ లేకుండా వాటి గురించి ఏమీ చెప్పలేం.

పదో మెట్టు: జన్యువుతో ముడిపెట్టడం

పట్టీని కోసి ట్రిప్సిన్‌తో ముక్కలు చేసి ద్రవ్యరాశి వర్ణపటానికి పంపండి, హైదరాబాద్‌లో రుసుముతో చేసే చోట్లున్నాయి. మీ జాతి జీనోమ్ అందుబాటులో ఉంటే అందులోని లాకేజ్ క్రమాలన్నీ వరుసగా పేర్చి, ఆ ఒక్క జన్యువులోనే ఉండే పెప్టైడ్ కనీసం ఒకటి దొరికిందా చూడాలి. అందరిలోనూ ఉండే రాగి బంధన భాగం పెప్టైడ్ దొరికితే లాకేజ్ అని తెలుస్తుంది, ఏ లాకేజో తెలియదు. రాగిని పట్టుకునే ప్రాంతాలు నాలుగు, వాటిలో పది హిస్టిడిన్లు, ఒక సిస్టీన్. ఈ ప్రాంతాల మీద తయారైన సీయూ1ఎఫ్, సీయూ2ఆర్ ప్రైమర్లతో జీనోమ్ డీఎన్‌ఏ నుంచి చిన్న ముక్కలు పెంచవచ్చు. ఇంట్రాన్ వల్ల పొడవులు మారతాయి, కాబట్టి జెల్ మీద రెండు పొడవులంటే రెండు జన్యువులని సీక్వెన్స్ చూడకముందే లెక్కేయకండి. ప్రేరేపకం వేసిన 6, 12, 24 గంటలకు ఆర్‌ఎన్‌ఏ తీసి ఒక్కో జన్యువును విడివిడిగా కొలిస్తే కాపర్ జట్టులో పెరిగిన పట్టీ, పెరిగిన జన్యువు ఒకటేనా అన్నది తేలుతుంది.

అద్దకం నీళ్ల మీద పెట్టే ముందు

భూదాన్ పోచంపల్లి, గద్వాల అద్దకం నీళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ పని మొదలుపెట్టేవాళ్లు చాలామంది. రియాక్టివ్ రంగుల నీళ్లలో సోడా వల్ల పీహెచ్ 10 పైన ఉంటుంది, ఉప్పు దండిగా ఉంటుంది. ఆ రెండూ లాకేజ్‌కు పడవు. శుద్ధ రంగుతో, ఉదాహరణకు రెమజాల్ బ్రిలియంట్ బ్లూ ఆర్ లీటరుకు 50 మిల్లీగ్రాములు, పీహెచ్ 5, 595 నానోమీటర్ల దగ్గర, ముందు ప్రతి రూపాన్నీ సమాన యూనిట్లతో పరీక్షించండి. తర్వాత అదే పరీక్షను పీహెచ్ 7లో, 0.2 మోలార్ ఉప్పుతో, 0.3 మిల్లీమోలార్ ఫ్లోరైడ్‌తో విడివిడిగా, ఆపైన కలిపి చేయండి. 1 మిల్లీమోలార్ సిరింగాల్డిహైడ్‌ను ఎంజైమ్‌కూ రంగుకూ నడుమ ఎలక్ట్రాన్లు చేరవేసే మధ్యవర్తిగా వేసినదీ వేయనిదీ రెండూ ఉండాలి. మరిగించిన ఎంజైమ్ జట్టు మరవకండి, కొన్ని రంగులు దేనికో అతుక్కుని తగ్గినట్టు కనబడతాయి. శుద్ధ రంగు మీద ముందున్న రూపం ఉప్పు, ఫ్లోరైడ్ కలిసేసరికి వెనకబడవచ్చు. కాబట్టి ఏ రూపాన్ని ఎక్కువగా పండించాలి, అందుకు మూడో మెట్టులో ఏ ప్రేరేపకం వేయాలి అన్నది ఈ చివరి పట్టిక చూశాకే ఖాయం చేసుకోండి.